కవిత కింద 'బాగుంది సర్' తప్ప ఇంకేం రాయరా?

పాలమూరోడు
అందరికీ నమస్తే. కొన్నేళ్లుగా ఫేస్‌బుక్‌లో కవితలు పెడుతున్నాను. పోయిన వారం పెట్టినదానికి లైకులు బానే వచ్చాయి. కామెంట్లు మాత్రం ఎప్పటివే. 'బాగుంది తమ్ముడూ', 'అద్భుతః', 'సూపర్ బ్రో', వరసగా చప్పట్ల బొమ్మలు. ఒకాయన 'జన్మదిన శుభాకాంక్షలు' అని పెట్టాడు. ఆ రోజు నా పుట్టినరోజు కాదు. అదే కవిత ఒక పత్రికకు పంపితే ఇంతవరకు ఉలుకూ పలుకూ లేదు.

నాకు కావాల్సింది ఒక్కటే. ఇందులో ఏది పనికొస్తుంది, ఏది పనికిరాదు? ఎవరైనా మొహమాటం లేకుండా చెబుతారా? కవిత ఇది:

అమ్మ ఫోన్ చేసింది
వానలు పడ్డాయా అని అడిగాను
పడ్డాయి అంది
గొంతులో మాత్రం ఎండ
ఈ సమాజంలో రైతు బతుకింతే
కన్నీటి సంద్రంలో మునిగిన
ఆశల నావ

కృష్ణలంక కుర్రాడు
బాగుంది సర్.

(జోక్ అన్నా, కోప్పడకు.) అసలు విషయం ఏంటంటే, ఆ లైకు కవితకి కాదు, నీకు. పెళ్లిలో చదివింపుల పుస్తకం చూశావా? వాళ్లు మనకెంత రాశారో చూసుకుని వాళ్లింట్లో పెళ్లికి మనం అంత రాస్తాం. ఫేస్‌బుక్ కవులది అదే లెక్క. నువ్వు ఆయన కవితకి 'అద్భుతం' పెట్టావు, ఆయన నీకు తిరిగి పెట్టాడు. ఆయన చదివాడని ఎవరన్నారు?

డల్లాస్ బాబాయ్
అన్ని రోజులూ ఇలా లేవు నాయనా. 90ల్లో మేం అమెరికా వచ్చిన కొత్తల్లో తెర మీద తెలుగు లిపి కనపడేదే కాదు. రైస్ యూనివర్సిటీలో మనవాళ్లు తయారుచేసిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్లం. చిన్న ఎన్ కొడితే 'న', పెద్ద ఎన్ కొడితే 'ణ'. యూజ్‌నెట్ అనే అప్పటి ఆన్‌లైన్ చర్చావేదికలో తెలుగు గుంపు ఒకటి ఉండేది. అక్కడ ఓ కవిత పెడితే వారం రోజులు కొట్టుకునేవాళ్లం. ఒకాయన మూడో పాదం దండగ అంటాడు, ఇంకొకాయన ఆ పాదమే కవిత అంటాడు. చివరికి కవిని వదిలేసి వాళ్లిద్దరూ తిట్టుకునేవాళ్లు. అయినా ప్రతి ముక్కా చదివి తిట్టుకునేవాళ్లు, అదీ గొప్ప.

'ఈమాట' వెబ్ పత్రిక 1998లో మొదలైంది ఆ వాతావరణంలోంచే. అక్కడ ఇప్పటికీ కవిత వేసేముందు పరిశీలకులు చదువుతారు, మార్పులు అడుగుతారు. వేశాక కింద పాఠకులు చీల్చి చెండాడతారు. కొందరు కవులకి అది గిట్టదు. నాకు మాత్రం అదే నచ్చుతుంది.

బ్యాక్‌బెంచ్
బాబాయ్, మీ టైమ్‌లో నెట్ ఉన్నవాళ్లు ఎంతమంది? అంతా పీహెచ్‌డీ బ్యాచ్. తీరిక ఉంది, కొట్టుకున్నారు. ఇప్పుడు మా అమ్మ కూడా వాట్సాప్‌లో కవిత ఫార్వర్డ్ చేస్తుంది. చేసినవాటిలో సగం శ్రీశ్రీ పేరుతో వస్తాయి. ఆయన రాసి ఉండడని మా అమ్మకీ తెలుసు, అయినా పంపుతుంది.

మడత పేజీ
పాలమూరు తమ్ముడికి. నేను కొంతకాలం ఒక పేపర్లో సాహిత్య పేజీ చూశాను. మీకు జవాబు ఎందుకు రాలేదో ముందు చెబుతాను. సాహిత్యానికి వారానికి ఒక పేజీ. అందులో ఒక వ్యాసం, ఒక పుస్తక సమీక్ష, సభల వార్తలు పోగా మిగిలిన చోట ఒకటో రెండో కవితలు. వచ్చేవి మాత్రం మెయిల్ బాక్సు నిండా. అన్నిటికీ జవాబు రాయడానికి మనిషి ఉండడు. బాలేదని కాదు, చూడనే లేదని కూడా అనుకోవచ్చు.

ఇక కవిత. చివరి మూడు పాదాలు కొట్టేయండి.

'ఈ సమాజంలో రైతు బతుకింతే' అన్నది పేపర్లో ఎడిటోరియల్ రాసేవాడు కూడా రాస్తాడు. 'కన్నీటి సంద్రం', 'ఆశల నావ' ఎంతమంది వాడేశారో లెక్కలేదు. అవి మీవి కావు, గాల్లో తిరుగుతుంటే పట్టుకున్నారు. మొదటి మూడు పాదాలు మాత్రం మీవే. అమ్మ, ఫోను, వాన. అక్కడ ఒక మనిషి ఉంది.

పాలమూరోడు
సర్, నిజం చెప్పాలంటే కొంచెం షాక్. ఎందుకంటే కామెంట్లలో అందరూ మెచ్చుకున్నది ఆ మూడు లైన్లనే. 'ఆశల నావ... వాహ్' అని కాపీ చేసి మరీ పెట్టారు.

బ్యాక్‌బెంచ్
అందులో ఆశ్చర్యం ఏముంది? ఆ లైన్లు కోట్ చేయడానికి రెడీగా ఉన్నాయి. 'పడ్డాయి అంది' అన్న లైన్‌ని కామెంట్లో కాపీ చేసి ఏం చేస్తాడు? విడిగా తీస్తే అందులో ఏమీ లేదు.

నేను ఇన్‌స్టాలో పెడతాను కాబట్టి చెబుతున్నా. ఫోన్‌లో ఫేస్‌బుక్ పోస్టు మొదటి కొన్ని లైన్లే చూపించి మిగతాది మడతపెట్టేస్తుంది. 'మరింత చూడండి' నొక్కితేనే మిగతాది. సగం మంది నొక్కరు. అందుకని మొదటి లైన్లలోనే బాంబు పేల్చాలి. ఇన్‌స్టాలో అయితే ఒక ఫోటో మీద పట్టాలి, స్టోరీలో పెట్టుకునేలా ఉండాలి. నెమ్మదిగా మొదలై నడిచే కవిత అక్కడ చచ్చిపోతుంది. నేను కూడా తెలియకుండానే అలా రాయడం మొదలుపెట్టా. ఇప్పుడు ఎనిమిది లైన్లు దాటితే చెయ్యి ఆగిపోతోంది.

ఆటవెలది
చిన్నగా రాయడం తప్పేం కాదండీ. ఎన్.గోపి గారి నానీలు 1997లో వచ్చాయి, ఇరవై నుంచి ఇరవై అయిదు అక్షరాలు, నాలుగు పాదాలు. అప్పటికి ఫేస్‌బుక్కూ లేదు, ఇన్‌స్టా లేదు. ఇస్మాయిల్ గారి హైకూలు ఉన్నాయి. అంతకు చాలా ముందు మినీ కవిత ఉంది. మన వేమన నాలుగు పాదాల్లోనే కదా చెప్పాడు.

బ్యాక్‌బెంచ్
అవన్నీ కవి పెట్టుకున్న హద్దులు. ఇవి కంపెనీ పెట్టినవి. తేడా ఉందండి. ఒక సరదా సంగతి. ఎస్ఎంఎస్‌లో ఇంగ్లీషుకి 160 అక్షరాలు ఇస్తే తెలుగుకి 70 మాత్రమే. ఆ 70 కూడా మన లెక్క కాదు. 'స్త్రీ' మనకి ఒక్క అక్షరం. మెషీన్‌కి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం గుడి. ఇరవై అయిదక్షరాల నానీలో ఒత్తులు ఎక్కువైతే ఒక మెసేజ్‌లో పట్టదు. అందుకే అప్పట్లో అందరూ ఇంగ్లీషు లిపిలో కొట్టి పంపేవాళ్లు.

వేపచెట్టు నీడ
అందరూ పాత రోజులు తలుచుకుని నిట్టూరుస్తున్నారు కాబట్టి ఒక మాట. ఆ సాహిత్య పేజీల తలుపులు అందరికీ తెరిచి ఉండేవి కావు. నేను స్కూల్ టీచర్ని, చిన్న ఊరు. నా కవితలు పోస్టులో పంపి, తిరుగు కవరు పెట్టి, నెలల తరబడి ఎదురుచూశాను. ఫేస్‌బుక్ వచ్చాకే నన్ను పది మంది చదివారు. ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. అది చిన్న విషయం కాదు.

2012లో కవి యాకూబ్ గారు ఫేస్‌బుక్‌లో 'కవిసంగమం' గ్రూపు మొదలుపెట్టాక నాలాంటి వాళ్లు ఎంతమంది బయటికొచ్చారో. తెర మీద ఆగిపోకుండా హైదరాబాద్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో పాత తరం, కొత్త తరం కవుల్ని ఒకే వేదిక మీద చదివించారు. ఫేస్‌బుక్‌లో రాస్తూ పైకొచ్చిన మెర్సీ మార్గరెట్‌కి 2017లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. 2022లో అదే పురస్కారం పొందిన పల్లిపట్టు నాగరాజు పుస్తకం పేరు 'యాలై పూడ్సింది'. అట్టమీదే యాస. పాత రోజుల్లో అయితే ఏ సబ్ ఎడిటరో ఆ పేరు 'సరిచేసి' ఉండేవాడు. (మడత పేజీ గారూ, మిమ్మల్ని కాదు.)

మడత పేజీ
నన్నే అన్నా ఫర్వాలేదు మేడమ్. యాసలు దిద్దిన పాపం మా డెస్కులకి ఉంది.

వేపచెట్టు నీడ
ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆడవాళ్లు కవిత పెడితే 'బాగుంది' కూడా కామెంట్లో ఆగదు. ఇన్‌బాక్సులోకి వస్తుంది. 'హాయ్ మేడమ్, గుడ్ నైట్ మేడమ్'. ఒకసారి ఒంటరితనం మీద రాస్తే, 'ఏమైంది మేడమ్, ఇంట్లో ఏమైనా ప్రాబ్లమా?' అని ముగ్గురు అడిగారు. అందులో ఒకాయన మా వారి ఫ్రెండు. రాత్రికి ఇంట్లో పంచాయితీ. కవితలో 'నేను' అంటే అది రాసిన మనిషే అనుకునే పాఠకులతో ఏం చేస్తాం? అచ్చులో ఈ బాధ తక్కువ. పత్రికలో వేసినప్పుడు మా ఆయన ఫ్రెండు చదవడు.

కృష్ణలంక కుర్రాడు
మేడమ్ చివరి లైన్‌కి నా లైకు. ఇది చదివే వేశాను, చదివింపు కాదు.

డల్లాస్ బాబాయ్
వేపచెట్టు అమ్మా, మీరన్నది ఒప్పుకుంటాను. తలుపులు తెరిచింది నెట్టే. కానీ తెరిచాక లోపలికి వచ్చినవాళ్లతో మాట్లాడేవాళ్లు ఎవరు? 80ల్లో విమర్శకులు చేరా (చేకూరి రామారావు) గారు ఆంధ్రజ్యోతిలో 'చేరాతలు' శీర్షిక రాసేవారు. ఊరూ పేరూ తెలియని కుర్రకవిని పట్టుకుని, ఇతని కవిత ఎక్కడ నడిచింది, ఎక్కడ కుంటింది అని వివరంగా రాసేవారు. అప్పుడే వస్తున్న స్త్రీవాద కవుల్ని ఆయన ఎంత శ్రద్ధగా చదివారో. తర్వాత 1993లో స్త్రీవాద కవితల 'నీలిమేఘాలు', 1995లో దళిత కవితల 'చిక్కనవుతున్న పాట' సంకలనాలు వచ్చాయి. ఎవరో కూర్చుని, వందల కవితలు చదివి, ఇవి ఉంచుదాం అని ఏరారు. ఆ ఏరినవాళ్ల వల్లే ఇవాళ ఆ రెండు ఉద్యమాల కవిత్వం మనకి చేతికందుతోంది.

ఆటవెలది
బాబాయి గారు అన్నది పద్యం వైపు ఇంకా బతికే ఉందండీ. మమ్మల్ని చాదస్తులంటారు గానీ, నెట్‌లో మా పద్ధతి వేరు. 'శంకరాభరణం' బ్లాగు చూడండి. రోజూ ఒక సమస్య, అంటే ఒక పద్యపాదం ఇస్తారు, మిగతా పద్యం మనం పూరించాలి. ఎక్కడెక్కడి నుంచో పూరణలు వస్తాయి. నిర్వాహకులు ఒక్కొక్క పద్యం కిందా, రెండో పాదంలో గణదోషం (అక్షరాల కొలత తప్పింది), ఇలా మార్చండి అని రాస్తారు. రాసినవాడు ధన్యవాదాలు చెప్పి సవరించి మళ్లీ పెడతాడు. రిటైరైన ఇంజనీరు, డాక్టరు, లెక్చరరు, ఎవరైనా సరే, తప్పు ఎత్తిచూపితే అలిగి వెళ్లిపోరు.

దానికి కారణం ఉంది. ఆటవెలది పద్యానికి మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉండాలి. లేకపోతే లేదు. తప్పంటే తప్పే, అందులో వ్యక్తిగతం ఏమీ లేదు. ఇప్పుడు ఛందస్సు సరిచూసే సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. పద్యం అందులో వేస్తే గణాలు విడగొట్టి యతి (పాదంలో అక్షరాల మైత్రి) తప్పిందో లేదో చెబుతుంది. వచన కవితకి ఆ కొలబద్ద లేదు. బాలేదు అంటే 'నన్ను బాలేదన్నాడు' అనుకుంటారు. అందుకే ఎవరూ నోరెత్తరు.

కృష్ణలంక కుర్రాడు
గురువుగారూ, గణాలు సరిపోయిన పద్యం అంతా కవిత్వమేనా? నేను చూసిన పూరణల్లో చాలావరకు లెక్కల సిలబస్‌లా ఉంటాయి.

ఆటవెలది
కాదు. నూటికి తొంభై కాదు. అది నాకూ తెలుసు. సాఫ్ట్‌వేర్ యతి చెబుతుంది, ప్రాణం ఉందో లేదో చెప్పదు. నేను చెప్పేది దిద్దుకునే అలవాటు గురించి. అది మీ వైపు లేదు.

కృష్ణలంక కుర్రాడు
మా వైపు దిద్దడం లేదు గానీ సర్టిఫికెట్లు ఉన్నాయి. వాట్సాప్ కవితా గ్రూపులు ఎవరైనా చూశారా? సోమవారం సామాజిక అంశం, మంగళవారం చిత్రకవిత, శుక్రవారం గేయం. కవిత కింద 'హామీ పత్రం' తప్పనిసరి: 'ఇది నా స్వీయ రచన, దేనికీ అనుకరణ కాదు'. రాత్రికల్లా పూలూ నెమళ్లూ ఉన్న ప్రశంసాపత్రం వస్తుంది. పాల్గొన్న అందరికీ. మా ఇంటి దగ్గర పెద్దాయన ఒకరు వాటిని ప్రింట్ తీయించి లామినేషన్ చేయించారు. షోకేస్ నిండిపోయింది.

నెలకో కొత్త ప్రక్రియ పుడుతుంది. ఎవరో ఒకరు నాలుగు పాదాలు, పాదానికి ఇన్ని మాత్రలు అని రూల్ పెట్టి, దానికో పేరు పెట్టి, 'రూపకర్త' అయిపోతారు. ఆ ప్రక్రియలో వంద రాస్తే ఒక బిరుదు.

వేపచెట్టు నీడ
వాళ్లని అంత తేలిగ్గా తీసేయకండి. మా రిటైర్డ్ హెడ్‌మాస్టారు భార్య పోయాక ఆ గ్రూపులోనే బతికారు. పొద్దున్నే లేచి ఇవాళ్టి అంశం ఏంటా అని చూసుకునేవారు. ఆయన రాసింది గొప్ప కవిత్వం కాదు. ఆయనకి అది కావాల్సింది, అంతే.

కృష్ణలంక కుర్రాడు
సరే మేడమ్, లామినేషన్ మాట వెనక్కి. కానీ ఇప్పుడు ఆ హామీ పత్రం కింద వస్తున్న వాటిలో చాట్‌జీపీటీ రాసినవి ఎన్నో. అంశం ఇవ్వగానే రెండు నిమిషాల్లో ఇరవై లైన్లు. ప్రతి లైన్లో ఏదో ఒక 'సాగరం', ఏదో ఒక 'వెలుగు రేఖ'.

మడత పేజీ
మెషీన్ మీద కోపం ఎందుకు? 'కన్నీటి సంద్రం' దానికి మనమే నేర్పాం. మనుషులు అలా రాసిన కుప్పలోంచే అది ఏరుకుంది. తమ్ముడు చివరి మూడు పాదాలు కొట్టేస్తే, మెషీన్ రాయలేనివే మిగులుతాయి.

బ్యాక్‌బెంచ్
ఒక డౌట్. కవిసంగమంలో 2012, 13ల్లో పెట్టిన కవితలు ఇప్పుడు ఎక్కడున్నాయి? నేను ఒకటి వెతికాను, కవి పేరు గుర్తుంది, కవితలో రెండు మాటలు గుర్తున్నాయి. ఫేస్‌బుక్ సెర్చ్‌లో దొరకలేదు. గూగుల్‌కి గ్రూపు లోపలిది కనపడదు.

డల్లాస్ బాబాయ్
ఇదే నా అసలు బాధ. మా యాహూ గ్రూపుల్లో ఏళ్ల తరబడి జరిగిన చర్చలు, కవితలు, వాటి మీద దెబ్బలాటలు ఉండేవి. 2019 చివర్లో యాహూ పాత మెసేజీలన్నీ తీసేసింది, 2020 డిసెంబరులో మొత్తం మూసేసింది. ముందు చెప్పింది, దించుకోండి అని. ఎంతమంది దించుకున్నారు? గూగుల్ ప్లస్ 2019లో పోయింది, దాంతో అక్కడి పద్యాల గుంపులూ పోయాయి. దినపత్రికల పాత వెబ్ పేజీలైతే ఒక్కో పేపరుది ఒక్కో సొంత ఫాంటు. ఫాంటు పోతే తెర మీద చెత్త అక్షరాలు. వాటిని ఏ కంప్యూటర్లోనైనా కనపడే యూనికోడ్‌లోకి మార్చడానికి 'పద్మ' అని ఒక పనిముట్టు ఉండేది. అదీ ఫైర్‌ఫాక్స్ పాత రోజులతోనే పోయింది.

మా తాతగారి దగ్గర 'భారతి' సాహిత్య పత్రిక పాత సంచికలు ఉండేవి. చెదలు సగం తిన్నాయి, మిగతా సగం నేను చదివాను. యాహూ సగం కూడా మిగల్చలేదు.

వేపచెట్టు నీడ
మరి ఏం చేయాలంటారు? పుస్తకం వేసుకోమంటారా? వేసుకున్నాను. సొంత డబ్బు. అయిదొందల కాపీలు అచ్చు వేయించి, ఆవిష్కరణ సభ పెట్టి, వచ్చినవాళ్లకి శాలువాలు కప్పి, పుస్తకాలు ఊరికే పంచాను. మిగిలినవి మంచం కింద ఉన్నాయి. గ్రంథాలయాలవాళ్లు కొంటారని ఎదురుచూసి వదిలేశాను.

డల్లాస్ బాబాయ్
అయిదొందలు అక్కర్లేదమ్మా, ఇప్పుడు అడిగినన్నే అచ్చు వేసే పద్ధతి ఉంది. అదీ కాకపోతే కనీసం ఒక బ్లాగు పెట్టుకోండి. ఉచితమే. ఫేస్‌బుక్‌లో పెట్టిన ప్రతిదీ తేదీతో సహా అందులోనూ పెట్టండి, ఏడాదికోసారి ఫైలు దించుకుని ఇద్దరు స్నేహితులకి మెయిల్ చేయండి. ఫోటో మీద అక్షరాలుగా కాదు, టైపు చేసిన అక్షరాలుగా. ఫోటో మీద రాసింది వెతికితే దొరకదు. బ్యాక్‌బెంచ్ బాబూ, ఇది నీకే.

బ్యాక్‌బెంచ్
అర్థమైంది బాబాయ్. క్యాప్షన్‌లో టైప్ చేసి పెడతా. 2,200 అక్షరాల దాకా పడుతుంది, ఒత్తులతో కలిపి.

పాలమూరోడు
నా కవితని మర్చిపోయారు అందరూ.

మడత పేజీ సర్ చెప్పినట్టు చివరి మూడు కొట్టేశాను. ఇప్పుడు నాలుగే మిగిలాయి. 'గొంతులో మాత్రం ఎండ' దగ్గర ఆగిపోతోంది. ఎండింగ్ లేనట్టుంది.

మడత పేజీ
మర్చిపోలేదు. ఆ నాలుగో పాదం కూడా నాకు అనుమానమే. వానకి ఎదురు ఎండ పెట్టారు. తెలివిగా ఉంది. ఆ తెలివే అడ్డు. అమ్మ గొంతు ఎలా ఉందో మీరు మాకు చెప్పేస్తున్నారు, మేం వినకముందే.

ఒకటి అడుగుతాను. ఇది నిజంగా జరిగిన ఫోనేనా? 'పడ్డాయి' అన్నాక ఆవిడ ఇంకేమంది?

పాలమూరోడు
నిజమే సర్. నేను హైదరాబాద్‌లో ఉంటాను. మొన్న జూలైలో. ఇంకేమంది అంటే... ఏమీ లేదు. విత్తనాల బస్తా ఇంకా విప్పలేదు అంది. నువ్వు తిన్నావా అంది. రోజూ అదే అడుగుతుంది.

ఆటవెలది
అయ్యా, అక్కడే ఉంది కదా మీ కవిత!

వేపచెట్టు నీడ
'గొంతులో ఎండ' కంటే ఆ బస్తా ఎంతో నయం. 'పడ్డాయి' అని కొడుకు కోసం చెప్పింది, బస్తా సంగతి నోరు జారింది. రెండూ పక్కపక్కన పెడితే చాలు. మీరేం వివరించక్కర్లేదు.

పాలమూరోడు
చూడండి:

అమ్మ ఫోన్ చేసింది
వానలు పడ్డాయా అన్నాను
పడ్డాయి అంది
విత్తనాల బస్తా ఇంకా విప్పలేదంది
నువ్వు తిన్నావా అంది

కృష్ణలంక కుర్రాడు
ఇది ఫేస్‌బుక్‌లో పెడితే పాతదానికి వచ్చినవాటిలో సగం లైకులు కూడా రావు. కోట్ చేయడానికి ఏమీ లేదు. అందుకే బాగుంది. ఈసారి నిజంగానే అంటున్నా.

మడత పేజీ
మూడు 'అంది'లు వరసగా వచ్చాయి. నాకు ఇబ్బంది లేదు, అమ్మ మాట్లాడుతున్నట్టే ఉంది. ఎవరికైనా ఉందా?

ఆటవెలది
నాకు ఉంది. మధ్యది తీసేసి 'విత్తనాల బస్తా ఇంకా విప్పలేదు' అని వదిలేస్తే? అప్పుడు అది ఆవిడ చెప్పిందో, కొడుక్కి తట్టిందో తెలియకుండా ఉంటుంది.

బ్యాక్‌బెంచ్
నాకు మూడూ ఉండాలి. గట్టిగా చదివి చూడండి, ఆ మూడో 'అంది' దగ్గర ఊపిరి ఆగుతుంది. కావాలంటే వాయిస్ రికార్డ్ చేసి పెడతా.

వేపచెట్టు నీడ
నా ఓటు ఆటవెలది గారికి. అమ్మే చెప్పిందని మళ్లీ చెప్పాల్సిన పని లేదు.

పాలమూరోడు
రెండు రకాలుగా రాసి పెట్టుకున్నాను. తేల్చుకోలేకపోతున్నా, రెండు రోజులు ఆగి చూస్తా. ఈలోపు ఇంకో కవిత ఉంది, పెద్దది, బొంబాయి బస్సు మీద. ఇక్కడే పెట్టనా?

మడత పేజీ
పెట్టండి. కానీ వేరే దారం తెరవండి, ఇది ఇప్పటికే పొడుగైంది. పెట్టేముందు 'సంద్రం' ఎక్కడైనా ఉంటే మీరే తీసేయండి.